పెద్దింటి పిలుపు

మా అమ్మాయి పెళ్లి పిలుపులకు నేనొక పథకం వేసుకున్నాను. మార్కాపురంలో బస్సెక్కి, ముందు బేస్తవారిపేటలో దిగి చిన్నాయన ఇంట్లో బొట్టు పెట్టి, అక్కడినుంచి గిద్దలూరు మీదుగా కొమరోలు పెదనాయన దగ్గరికి పోవాలి. దారిలో ఉన్న ఊరు ముందు, చివర ఉన్న ఊరు చివర. నా తెలివికి నేనే మురిసిపోతుంటే, మా మేనత్త చేతిలోని కుంకుమ భరిణె ఠక్కున కింద పెట్టింది.

"మీ నాయన కూడా ఇట్లనే తెలివికి పోయినాడు. ఇంటిని రెండు చేసి పెట్టినాడు," అంది.

ఆ సంగతి నాకు తెలుసు. కొమరోలు వాళ్లు మా పెద్దతాత సంతానం. ఏ శుభకార్యమైనా తొలి బొట్టు ఆ ఇంట్లో పెట్టాలి. నా పెళ్లికి నాయన బస్సు వీలు చూసుకుని ముందు బేస్తవారిపేటలో పిలిచాడు. అది విని పెదనాయన పెళ్లికి రాలేదు. కొన్నేళ్లకు నాయన పోతే, చివరిచూపుకు కూడా రాలేదు. బొట్టు కోసం ఇంత పంతమా అని ఆయనంటే నాకు మంటగానే ఉండేది. అత్త మాత్రం పట్టు వదల్లేదు. ఎనభైకి దగ్గర పడింది, తను ఉండగానే ఈ రెండిళ్లూ ఒక పందిట్లో కూర్చోవాలని ఆమె కోరిక.

అత్తకు అక్షరం ముక్క రాదు. కానీ ఏ తాతకు ఎందరు పిల్లలు, ఎవరు ఏ కరువులో మేకలు తోలుకుని ఏ ఊరు చేరారు, కొనకనమిట్ల నుంచి వచ్చిన కోడలు ఎవరి ఆడబిడ్డ, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. వంశం సంగతులు భద్రంగా ఉంటాయని నేనూ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను. అందులో పొద్దున్నే పూల బొమ్మలు తప్ప ఇంకేమీ రావు. పిలిచే వరస గుర్తున్నంత కాలం ఎవరికి ఎవరు ఏమవుతారో మరిచిపోరని అత్త అంటుంది. నిజమే. ఆ వరసే మా వంశవృక్షం.

చివరికి ఆమె మాటే నెగ్గింది. నేరుగా కొమరోలుకే బయల్దేరాం. బస్సు బేస్తవారిపేటలో ఆగగానే అత్త కొంగు మొహం మీదికి లాక్కుని, నన్ను కూడా తల వంచుకోమంది. అక్కడ బస్టాండు పక్కనే చిన్నాయన కొడుకు టీ అంగడి ఉంది. ఎంత దాక్కున్నా వాడు చూడనే చూశాడు. టీ గ్లాసు చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"అత్తా! ఊర్లోకి వచ్చి దిగవేంది?"

"నేను నీకు కనపడలేదు. పోరా."

"ఎదురుగానే ఉండావు కదత్తా!"

"సాయంత్రం కనపడతా. ఇప్పుడు పో."

బస్సంతా నవ్వింది. అత్త మాత్రం బస్సు ఊరు దాటేదాకా కొంగు తీయలేదు.

కొమరోలులో పెదనాయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. అత్త ఆయన ఎదుట నిలబడింది.

"అన్నా, నీ ఇల్లే మొదలు. నడిమధ్యలో యాడా దిగలేదు."

"తెలుసులే. టీ అంగడోడు ఫోన్ చేసి నెత్తీనోరూ కొట్టుకున్నాడు," అన్నాడాయన. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. లోపల్నుంచి కోడలు వచ్చింది. అత్త ఆమెకు బొట్టు పెట్టి, పెళ్లి రోజు చెప్పింది. పెదనాయన అవేవీ విననట్టు నా మొహమే చూస్తున్నాడు.

"అచ్చం మీ నాయన లెక్కనే ఉండావురా. వాడు తప్పైందని చెప్పనీకి రెండుసార్లు వచ్చినాడు. నేను తలుపు తీయలేదు. ఎండలో నిలబడి నిలబడి ఎనక్కి మళ్లినాడు." ఆయన మంచం మీంచి లేచాడు. "పెళ్లికి నాలుగు దినాల ముందే వస్తా. ఎవురూ తోలుకపోకున్నా వస్తా."

నాయన అక్కడికి వెళ్లిన సంగతి నాకు తెలియదు. అత్త వైపు చూశాను. ఆమె భరిణెకు మూత పెడుతోంది.

"నేనూ మీ నాయన పక్కనే ఉంటిని," అంది మెల్లగా.

తరతరాల సంగతులు పూసగుచ్చినట్టు చెప్పే మా అత్త, ఈ ఒక్క సంగతీ ఇన్నేళ్లూ నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను కొమరోలు బస్సు ఎక్కేవాణ్ని కాదు.