పడవలు ఆగని రోజు

మా పేటలో ఎవరు పోయినా ఆ రోజు పడవలు కదలవు. శవం లేచి, వెంట వెళ్ళినవాళ్ళు స్నానాలు చేసి ఇళ్ళు చేరేదాకా ఫిషింగ్ హార్బర్‌లో మావాడెవడూ తాడు విప్పడు. అది మా తాతల నాటి కట్టుబాటు.

దాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నది మా కార్పొరేటరు. కార్పొరేటరంటే కారు దిగే మనిషి అనుకునేరు. పూర్ణా మార్కెట్‌లో గంప దించుకుని చేపలమ్మిన మనిషి, నాకు మేనత్త వరస. గెలిచాక కూడా మా ఇంటికొస్తే కుర్చీ వద్దనేది. గుమ్మంలో కూలబడి, "ఒలే గుంటా, టీ ఎట్టవే" అనేది. చేపల గంపలున్నాయని సిటీ బస్సులోంచి మా ఆడవాళ్ళను దింపేస్తే, ఆ బస్సు ముందే గంప దించి కూర్చుంది. ఆ తర్వాత మమ్మల్ని దింపే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఒకసారి ఒడిశా నుంచి పడవ పనికొచ్చిన మనిషి జ్వరంతో పోయాడు. నా అన్నవాళ్ళెవరూ లేరు. బోటు ఓనర్లు నసిగారు, వాడు మనవాడు కాడు కదా అని. అత్త జెట్టీ మీద, తాళ్ళు కట్టే ఇనప గుంజ మీద కూర్చుంది.

"మన పడవెక్కినోడు మనోడు కాకపోతే మరెవుడ్రా? ఇప్పండి, ఎవుడిప్పుతాడో సూత్తాను."

ఎవడూ విప్పలేదు. ఆవిడ పక్కన కూర్చున్న నాకు ఆ రోజు కలిగిన గర్వం నా పెళ్ళినాడు కూడా కలగలేదు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు అత్తను ఆసుపత్రిలో చేర్చాం. కూతురు కాకినాడలో తనూ జ్వరంతో పడి ఉంది. అందుకని ఆసుపత్రివాళ్ళకు నా నంబరే ఇచ్చాను. రెండు నెలల వేట నిషేధం ముగిసి, పడవలన్నీ ఆరింటికి బయలుదేరాల్సిన రోజు. తెల్లవారుజామున ఐదింటికి ఫోను మోగింది. మీ పేషెంటు ఇప్పుడే పోయారమ్మా, అన్నారు.

మా ఆయన చొక్కా తొడుక్కుంటూ, "ఎవుళ్ళే ఫోను?" అన్నాడు.

"రాంగు నంబరు," అన్నాను.

నోట్లోంచి అలా వచ్చేసింది. రెండు నెలలు ఇంట్లో కూర్చున్న మనిషి. పడవలోకి ఐసు ఎక్కించేశారు. నేను ఒక్క మాటంటే హార్బర్‌లో మా పడవలన్నీ ఆగిపోతాయి, ఐసంతా నీళ్ళయిపోతుంది. అత్తే ఉంటే పంపించెయ్యమనేది అని నాకు నేను చెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. ఆవిడ ఏనాడూ ఎవరి చావుకీ అలా అనలేదు.

పడవలు వెళ్ళిపోయాయి. తొమ్మిదింటికి వీధిలోకొచ్చి, ఇప్పుడే కబురొచ్చిందని గుండెలు బాదుకున్నాను. ఏడుపు మాత్రం నిజమే.

పేట నా అబద్ధాన్ని నాకంటే అందంగా దిద్దింది. "సూసేరా, పడవలు దాటేదాకా పానం బిగబట్టుకుంది తల్లి," అన్నారు. ఇప్పటికీ ఫొటోకు దండ వేసిన ప్రతిసారీ మైకులో అదే మాట. నేను ముందు వరసలో కూర్చుని గంగిరెద్దులా తలూపుతాను. సిగ్గులేని దాన్ని.

ఆ వేసవి నుంచీ రోజూ పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే గుమ్మం దగ్గర ఆ గొంతు వినిపిస్తుంది. "ఒలే గుంటా, పడవలెల్లిపోనాయా?" కోపం లేదు అందులో. తెలియక అడిగినట్టే ఉంటుంది. నేను తల ఎత్తను. సముద్రం గాలి అంటాడు మా ఆయన. గాలి నన్ను గుంటా అని పిలుస్తుందా? సింహాచలం కొండెక్కి తలనీలాలు ఇచ్చొచ్చాను. జుట్టు మళ్ళీ పెరిగింది, గొంతు మాత్రం పోలేదు.

ఈసారి తద్దినానికి అత్త కూతురు కాకినాడ నుంచి వచ్చింది. ఇవాళ పొద్దున్న ఇద్దరం వంటకు బియ్యం ఏరుతున్నాం.

"పంతులు గారు మళ్ళీ టైమడిగేరు వదినా. అమ్మ పోయిన రోజు పొద్దున్న ఆరింటికి తిథి మారిందంట, అంతకు ముందు పోతే తద్దినం ఒకరోజు ముందే ఎట్టాలంట. తొమ్మిదని సెప్పేను. తొమ్మిదే గదా?"

ఆ పిల్ల ఏడాదికోసారి సెలవు పెట్టుకుని, బస్సెక్కి వచ్చి చేస్తున్నది ఈ ఒక్క పనే.

"ఐదు," అన్నాను. ఆపైన రాంగు నంబరు దగ్గర్నుంచి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ముఖాన ఉమ్మినా తుడుచుకునేదాన్ని. ఆ పిల్ల చేట పక్కన పెట్టింది.

"అయితే మాయమ్మ ఏటేటా ముందురోజే వచ్చి, ఎవుళూ అన్నం ఎట్టక ఆకలితో ఎల్లిపోయిందేటి వదినా?"

ఈ ఏడు కూడా ఆ ముందురోజు దాటిపోయింది. అది నిన్ననే.