ఐసు లెక్క

మార్చురీ పక్క గదిలో కూర్చుని క్యారేజీ విప్పుకుని తిన్నదాన్ని నేను. దయ్యం కథలు చెప్పే ఆయాలను ఆటపట్టించేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మైపాడు దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేరాను. మాకు ల్యాబ్ లేదు. రక్తం తీసి, చేపలు తీసుకెళ్లే ఆటోలో నెల్లూరు పంపేవాళ్లం. రిపోర్టు ఫోన్‌కు వచ్చేది. దాన్ని చదవడం నాకు మా పెద్ద నర్సు మస్తాన్‌బీ అక్క కళ్లజోడు సర్దుకుంటూ నేర్పింది. అంకె చూసి బెంబేలు పడొద్దనేది, ముందు మనిషిని చూడమనేది. పొటాషియం ఎక్కువుంటే రోగి పాదం కింద తన అరచెయ్యి పెట్టి, కాలితో నెట్టమనేది. కాళ్లలో బలం తగ్గిందేమో అలా చూసేది.

మా రిపోర్టుల్లో పొటాషియం తరచూ ఎక్కువే వచ్చేది. కారణం ఆటో సుబ్బయ్య. ట్యూబుల్ని చేపల్లాగే ఐసులో పూడ్చేవాడు. ఐసు నేరుగా తగిలితే రక్తకణాలు చితికి, లోపలి పొటాషియం బయటికొస్తుంది. రోగి ఒంట్లో లేనిది రిపోర్టులో కనిపిస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా అతనిది ఒకటే మాట.

"ఐసు లేకుంటే చేపే పాడైపోద్ది గదమ్మా, రక్తం పాడుగాదా?"

చివరికి ఆ అంకెను 'ఐసు లెక్క' అని పక్కన పెట్టడం మాకు అలవాటైపోయింది.

నిరుడు మస్తాన్‌బీ అక్క జబ్బు చేసి చనిపోయింది. ఆ తర్వాత కొన్ని నెలలకు పోలయ్య అనే పడవ మనిషిని అతని భార్య తీసుకొచ్చింది. వాంతులు, నీరసం. నడుం నొప్పికి రోజూ మాత్రలు మింగుతూ వేటకు వెళ్లేవాడట.

మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. పొటాషియం బాగా ఎక్కువ. డాక్టరుగారు నెల్లూరు వెళ్లారు, నర్సును నేనొక్కదాన్నే. ఐసు లెక్కే అనుకున్నాను. రేపు మళ్లీ పంపుదాంలే అని ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

అప్పుడే పోలయ్య భార్య వరండాలోకి వచ్చింది.

"అమ్మా, ఇయ్యాల ఐసు ఎయ్యలేదంట. ఈసీజీ తియ్యమంటా ఉండాది మీ పెద్దక్క."

ఏ పెద్దక్క అని అడిగాను. కళ్లజోడు పెట్టుకున్నామె అంది. ఇప్పుడే తన భర్త పాదం కింద చెయ్యి పెట్టి నెట్టమందట, అతను నెట్టలేకపోయాడట.

లోపలికి పరిగెత్తాను. మంచం దగ్గర పోలయ్య తప్ప ఎవరూ లేరు. ఈసీజీ తీస్తే గీతలు మొనదేలి నిలబడి ఉన్నాయి, అంటే పొటాషియం నిజంగానే ఎక్కువుంది. డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన చెప్పినట్టు కాల్షియం ఇంజెక్షన్ నెమ్మదిగా ఇచ్చి, అంబులెన్సులో నెల్లూరు తీసుకెళ్లాను. దారంతా అతని నాడి మీదే నా వేళ్లు. అక్కడ, నొప్పి మాత్రల వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయని చెప్పి డయాలసిస్ చేశారు. ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయేదన్నారు.

తర్వాత సుబ్బయ్యను అడిగాను. ఆ రోజు ఐసు ఫ్యాక్టరీకి కరెంటు లేక, ట్యూబును చొక్కా జేబులో వేసుకుని వెళ్లాడట. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదట. పోలయ్య భార్య అతణ్ణి చూసిందే లేదు. అసలు రక్తం ఐసులో వెళుతుందన్న సంగతే ఆమెకు తెలియదు.

పోలయ్య కోలుకుని వచ్చినప్పుడు, ఆమెకు మస్తాన్‌బీ అక్క ఫోటో చూపించబోయి ఆగిపోయాను. ఔనంటే ఏం చేయాలో తెలియలేదు, కాదన్నా ఏం చేయాలో తెలియలేదు.

ఆ మాట చెప్పిందెవరో నాకిప్పటికీ అంతుపట్టలేదు. ఎవరూ చెప్పకపోయుంటే ఆ సాయంత్రం నేను మామూలుగా ఇంటికెళ్లి అన్నం తినేదాన్ని. నాకు భయం వేసేది అది తలచుకున్నప్పుడే.