వాగు ఒడ్డున కందిపుల్ల

సూర్యాపేట కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది నవంబరులో నన్ను కోదాడ ప్రాంతానికి మత్స్య అభివృద్ధి అధికారిగా వేశారు. ఆఫీసులో ఎఫ్.డి.ఓ. అంటారు. పైన సహాయ సంచాలకులు, కింద ఒక ఫీల్డ్‌మన్. మధ్యలో ఎండా వానా నావి. మాది మిర్యాలగూడే అయినా, ఉమ్మడి రాష్ట్రంలో మూడేళ్లు సముద్రపు పాయల దగ్గర పనిచేసి వచ్చాను. నీళ్ల సంగతి నాకెవరూ చెప్పనక్కర్లేదన్న పొగరు బాగానే ఉండేది.

ఆ నెల పని నమూనా పట్టుబడి. వానాకాలంలో వదిలిన చేపపిల్లలు ఎంత ఎదిగాయో చూడటానికి ఒకచోట వల వేయించి, పడ్డవాటిని కొలిచి, తూచి, వదిలేయాలి. కృష్ణలో కలిసే ఒక వాగు మూతిని ఎంచుకున్నాం. ఎగువన విద్యుత్కేంద్రంలో టర్బైన్లు తిరిగితే కృష్ణ పెరిగి నీళ్లు ఆ వాగులోకి ఎదురెక్కుతాయి, ఆపేస్తే దిగిపోతాయి. సముద్రపు పాయలో పోటూ పాటూ లాంటిదే. కాకపోతే అక్కడ దానికో వేళ ఉంటుంది, ఇక్కడ ఉండదు.

వల వేసింది మత్స్యకార సంఘం సభ్యుడు సైదులు, ఆయన భార్య ఎల్లమ్మ. వల ఆయనది, తెడ్డు ఆమెది. గుండ్రటి పుట్టిలోకి ఎక్కేముందు సైదులు నీటి అంచున ఒక కందిపుల్ల గుచ్చి, దానికి ఎర్ర పీలిక కట్టాడు. ఎందుకని నేను అడగలేదు. పాయల దగ్గర పడవ కట్టే గుంజను పోటు వచ్చేకొద్దీ పైకి జరుపుతుంటారు. ఇదీ తిరిగొచ్చాక పుట్టి కట్టుకునే అలాంటి గుంజే అనుకున్నాను.

ఒడ్డున బండ మీద కూర్చుని రిజిస్టరులో గీతలు గీసుకుంటుంటే నీళ్లు పుల్లను దాటి వచ్చాయి. సాయం చేస్తున్నాననుకుని దాన్ని పీకి కొత్త అంచున గుచ్చాను. కాసేపటికి మళ్లీ జరిపాను.

అప్పటికి వాళ్ల వల నీళ్లలో మునిగి ఉన్న తుమ్మ మోడుకు చిక్కింది. వల తాడు పుట్టి అడ్డకర్రకు కట్టి ఉంది. సైదులు వంగి లాగుతున్నాడు. పుట్టి అంచు ఒకవైపు కిందికి దిగుతోంది. ఎల్లమ్మ ఒడ్డువైపు చూసి మొగుడితో గట్టిగా అంది.

“పుల్ల అంచునే ఉన్నది, నీళ్లు పెరుగుతలేవు. జర నిమ్మళంగ ఇడిపియ్యి. వల కొయ్యకు.”

నాకప్పుడు అర్థమైంది. ఆ పుల్ల గుంజ కాదు, కొలత. నీళ్లు పెరుగుతున్నాయి, మోడుకు కట్టేసినట్టున్న పుట్టి వాటితో పాటు లేవలేక మునుగుతోంది. వాళ్లు మాత్రం నేను గుచ్చిన పుల్లను నమ్మి అక్కడే ఉన్నారు.

“సైదులూ! పుల్ల నేనే జరిపిన! రెండుసార్లు! నీళ్లు పెరిగినయ్, తాడు కొయ్యి!” అని అరిచాను.

ఆయన ఒక్క క్షణం నావంక చూశాడు. ఆలోపే పుట్టిలోకి నీళ్లు దూకాయి. ఎల్లమ్మ తెడ్డు పడేసి గిన్నెతో తోడటం మొదలుపెట్టింది. సైదులు నడుముకున్న కత్తి తీసి తాడు మీద వేశాడు; మొదటి వేటుకు జారింది. రెండో వేటుకు తాడు తెగి, పుట్టి ఎగిరిపడి, గిర్రున తిరుగుతూ ఎదురునీటితో వాగు పైకి కొట్టుకుపోయింది. నేను కంపల్లో పడి లేస్తూ ఒడ్డు వెంట పరుగెత్తాను. మలుపు దగ్గర సైదులు ఒక కొమ్మను పట్టుకున్నాకే ఆగాను.

ఒడ్డెక్కుతూనే ఎల్లమ్మ కడిగేసింది. “ఆ పుల్లను సూసే మేము బతుకుతం సార్. మీరు గదాన్ని జరుపుడేంది?” సైదులు మాత్రం, ఇద్దరూ వానాకాలమంతా కూర్చుని కట్టుకున్న వల మునిగినచోటే చూస్తూ నిలబడ్డాడు. ఆమె తిట్లకన్నా నాకు అదే ఎక్కువ కష్టమనిపించింది.

సాయంత్రం టూర్ డైరీలో ‘నీటిమట్టం అకస్మాత్తుగా పెరిగి వల నష్టమైనది’ అని రాశాను. చదువుకుంటే సిగ్గేసింది. దాన్ని కొట్టేసి ‘గుర్తుపుల్లను నేను జరిపినందువల్ల’ అని రాశాను. సహాయ సంచాలకులు సంజాయిషీ అడిగారు; జవాబులోనూ అదే మాట రాశాను. కొత్త వల నేనే తెచ్చిచ్చాను.

మరుసటి నెల సైదులు మళ్లీ పుల్ల గుచ్చి నావైపు తిరిగాడు. “సార్, మీరు గా బండ మీదనే కూసోండి. పుల్ల మునిగినా సరే, ముట్టకండి.”

తర్వాత నా దగ్గరికి కొత్తగా వచ్చిన ప్రతి ఫీల్డ్‌మన్‌కూ మొదటిరోజే ఇది చెప్పేవాణ్ణి. ఒడ్డున మనం పెట్టని గుర్తును, మునిగిపోతున్నా సరే, కదపకూడదు. మునగడానికే దాన్ని అక్కడ పెడతారు.