చన్నీళ్ల రొట్టె

తాండూరు బజారులో పిండిగిర్ని పడిన ఏడు, యాలాల్‌లో మొగులమ్మ ఇంటి ఇసుర్రాయి ఎడ్లకొట్టంలోకి పోయింది. పోలీసు చర్య జరిగి అప్పటికి పదేళ్లు కావస్తోంది. కొడుకు హన్మయ్య బండి మీద జొన్నలు వేసుకుపోయి మధ్యాహ్నానికల్లా పిండి తెచ్చాడు. వస్తూనే రాయిని దొర్లించుకుపోయి గాటి పక్కన పడేశాడు.

"అవ్వా, ఇగ నువ్వు కూసో. గీ వయసుల నీతోటి ఇసురిపిస్తే ఊరోళ్లు నా మొకాన ఉమ్మేస్తరు."

అందరికంటే ఎక్కువ సంతోషించింది కోడలు బీరమ్మ. తెల్లారగట్ల అత్తకు ఎదురుగా కూర్చుని పిడి తిప్పీ తిప్పీ ఆమె అరచేతులు కాయలు కాశాయి మరి.

మొగులమ్మ కూర్చుంది. నీళ్లకు లేవబోతే బీరమ్మే ముంత అందించేది. చీపురు పట్టబోతే హన్మయ్య గద్దించేవాడు. ప్రేమే, కాదనడానికి లేదు. కానీ వానాకాలం వెళ్లేసరికి భుజాలు బిగుసుకుపోయాయి. ఒకనాడు తిని పీట మీది నుంచి లేవబోతే మోకాళ్లు సహకరించలేదు. కొడుకు చంకల కింద చేతులు వేసి లేపాడు.

ఆ సాయంత్రం పక్కింటి రాహేలమ్మతో అన్నది: "సావంటె బయం లేదే. పొద్దుగాల చెంబు వట్టుకోని నా అంతల నేను పోకుంటయితె ఎట్ల? గదొక్కటే ఫికరు."

"రాణోలె కూసున్నవ్, కాళ్లెందుకు నీకు?" అని నవ్వబోయిన రాహేలమ్మ, ఆమె ముఖం చూసి ఆగిపోయింది. గోడ అవతల పిడకలు ఏరుతున్న బీరమ్మ చేయి కూడా ఆగింది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో జొన్నరొట్టె పాడైంది. తడుతుంటే అంచులు చీలేవి, పెనం మీద పగిలేది. మూడోనాడు హన్మయ్య తునకలు చేతబట్టుకుని, "ఏందే ఇది, రొట్టెనా, పెంకులా?" అన్నాడు.

"నన్నేం జెయ్యమంటవ్? గిర్నిల పిండి ఉడుకుతది. జిగురుంటదా? అత్త ఇసిరిన పిండైతె గిట్లయితుండెనా?"

హన్మయ్య గొణుక్కుంటూ పోయి రాయిని తానే దొర్లించుకొచ్చాడు. "రొట్టెల మందమే ఇసురుండ్రి. తక్కింది గిర్నికే."

మొదటి పొద్దున మొగులమ్మ కాసేపటికే రొప్పింది. బీరమ్మ పిడి వదలకుండా బరువంతా తన వైపు లాక్కుంది. రోజులు గడిచేకొద్దీ ఆ బరువు సగం సగమైంది. జొన్నకోతల నాటికి మొగులమ్మ మోకాలి మీద చేయి ఆనించి తానే లేచింది, చెంబు పట్టుకుని తానే పోయింది.

తిరిగొచ్చేసరికి పొయ్యి మీద నీళ్లు తెర్లుతున్నాయి. జొన్నపిండి వేణ్నీళ్లతో కలిపితేనే అతుక్కుంటుంది, చన్నీళ్లతో కలిపితే గిర్ని పిండైనా ఇసుర్రాయి పిండైనా రొట్టె పగలక మానదు.

"గప్పుడు మూడు దినాలు నీళ్లు కాగవెట్టలే నువ్వు. సూసిన్నే."

బీరమ్మ పొయ్యిలోకి ఇంకో పిడక తోసింది.

"అరచేతులు మెత్తగయినయి గద. మల్ల గీ కాయలు ఎందుకు దెచ్చుకున్నవ్ బిడ్డా?"

"నీతోటి ముచ్చట వెట్టనీకి ఇంకో జాగ యాడున్నది అత్తా?"

మొగులమ్మ ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదలలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ల దాకా ఆమె తాండూరు స్టేషన్‌కు నడిచి, రైలెక్కి వికారాబాద్‌లో ఇచ్చిన బిడ్డను చూసి వచ్చేది. కాళ్లు ఇంత గట్టిగా ఎట్లున్నాయని ఎవరడిగినా, "మా కోడలు చన్నీళ్లు వోసింది" అనేది. అడిగినవాళ్లకు అర్థమయ్యేది కాదు. హన్మయ్యకైతే అసలే కాదు.