గుర్రానికి తగిలిన చెయ్యి

మునెప్ప మామను ఓడించానని ఎవరైనా మెచ్చుకుంటే ఇప్పటికీ నేను మాట మార్చేస్తాను. ఏళ్ల తరబడి దీన్ని మోస్తున్నాను. మీకైనా చెప్పుకోనివ్వండి.

మాది కోలారు గనుల దగ్గరి ఆండర్సన్‌పేట. మామ బంగారు గనిలో పనిచేసినవాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో నిలిచిపోయి ఎప్పుడూ దగ్గేవాడు. చదరంగంలో మాత్రం ఆయన రేటింగ్‌కు నేను ఆమడ దూరంలో ఉండేదాన్ని. నాకు ఆట నేర్పిందే ఆయన.

కోలారు టోర్నమెంటులో ఇద్దరం ఎదురుపడ్డాం. ఆయన గెలిచే ఆటే అది. ఇంతలో దగ్గు తెర వచ్చింది. వంగిపోయి దగ్గుతుంటే ఆయన వేళ్లు గుర్రానికి తగిలాయి. తగిలాయి, అంతే. పట్టుకోలేదు. ముట్టిన పావునే ఆడాలన్నది నియమం, కానీ పొరపాటున తగిలితే అది వర్తించదు. ఆ గుర్రం కదిలితే వెనకున్న మంత్రి నాకు చిక్కుతుంది. చెయ్యెత్తి ఆర్బిటర్‌ను పిలిచాను.

"పట్టుకున్నారు సార్. ఎత్తబోయినారు," అన్నాను.

మామ తువ్వాలుతో నోరు తుడుచుకుని నన్ను చూశాడు. కోపంగా కాదు.

"దగ్గులో నాకేం తెలీలేదప్పా," అన్నాడు ఆర్బిటర్‌తో. "పాప చూసినానని చెప్తా ఉండాదంటే పట్టుకునే ఉంటాను. అది అబద్ధం చెప్పే బిడ్డ కాదు."

గుర్రాన్ని తనే కదిపాడు. నేను గెలిచాను.

ఎందుకు చేశాను? చిన్నతనం అందామా? ఓటు వేసే వయసు నాది. ఒక్కసారైనా ఆయన మీద గెలవాలనుకున్నాను. ఆ కోరిక ముందు ఆయన ఓపిగ్గా నేర్పిన సాయంత్రాలు గానీ, అదే దగ్గుతో పోయిన మా నాన్న గానీ గుర్తు రాలేదని చెబితే అది ఇంకో అబద్ధమవుతుంది. గుర్తొచ్చాయి అన్నీ. అయినా చెప్పాను.

తర్వాత మామ ఆట మానేశాడు. వయసైపోయిందన్నాడు. నేను నమ్మినట్టు తలూపాను. చెప్పేద్దామని ఆయన గుమ్మం దాకా పోయి ఎన్నిసార్లు వెనక్కి వచ్చానో.

మొన్న ఆయన పోయాడు. పలకరించడానికి వెళ్తే ఆయన కోడలు ఏడుస్తూ చెప్పింది. మనవరాలు పుట్టినప్పుడు ఎత్తుకోమని ఇస్తే వెనక్కి జరిగాడట. "నా చెయ్యి ఏం చేస్తా ఉండాదో నాకే తెలీదమ్మా, బిడ్డను జారవిడిస్తే?" అన్నాడట. చివరిదాకా ఆ పిల్లను ఎత్తుకోనే లేదట.

ఆమెకు నిజం చెప్పకుండానే లేచి వచ్చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆయన చెయ్యి బాగానే ఉండేది. అది ఏ తప్పూ చెయ్యలేదు. అబద్ధం చెప్పింది నేను.