‘పోయి అడిగినవా?’ అనేవారు సార్

మా రీసెర్చ్ గైడ్ సార్ పోయారని నాకు జహీరాబాద్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. “యూనివర్సిటీల జర్నలిజం చెప్పే సార్ పట్నం పోయే బస్సుల గుండెపోటుతోని చనిపోయిండు” అని మెసేజ్. కింద వరసగా దండం పెట్టే చేతులు. నిజానికి సార్ పోయింది ఇంట్లోనే, పొద్దున చాయ్ తాగి కుర్చీలో వాలాక. సార్ భార్య, మా మేడమే ఫోన్‌లో చెప్పారు. అప్పటికే బస్సు మాట పక్కనున్న కోహీర్ దాకా పోయింది.

నా పరిశోధన సరిగ్గా దీని మీదే. మన ఊళ్లలో వార్త పేపర్ కన్నా ముందు ఫోన్లలో ఎట్లా తిరుగుతుంది, తిరుగుతూ ఎట్లా మారుతుంది అని. ఏడుస్తూనే ఆ మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీశాను. తీశాక సిగ్గేసింది. సార్ చావును థీసిస్‌లో ఒక ఉదాహరణగా పెట్టాలా?

సార్‌కు ఒక నియమం ఉండేది. పేరు రాయకపోయినా సరే, ఎవరి మెసేజ్ వాడుకుంటే వాళ్ల ఎదురుగా కూర్చుని అనుమతి అడగాలి, ఎందుకు పంపారో అడగాలి. నేను పోస్టులన్నీ కుప్పపోసి గ్రాఫులు గీసుకుపోతే, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి “పోయి అడిగినవా?” అనేవారు.

“అందరిని అడుక్కుంట పోతే ముసల్దాన్నయిత సార్.”

“అయితె అయినవు బిడ్డా. ముసలోళ్లకు గూడ డాక్టరేట్ ఇస్తరు.”

పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకారు మీ ఫోన్లకూ వచ్చే ఉంటుంది. అది పంపిన ఒకామె దగ్గరికి సార్ ఒకసారి నన్ను షేర్ ఆటోలో ఝరాసంగం తీసుకుపోయారు. నేను ప్రశ్నల కాగితం తీశాను. సార్ మాత్రం వాకిట్లో ఎండుతున్న కందుల గురించి ముచ్చట పెట్టుకుని కూర్చున్నారు. చివరికి ఆమే అన్నది: “అబద్ధమైతె నలుగురు నవ్వుతరు సారూ. నిజమైతె? నా మనుమరాలు బడికి నడిచే పోతది.”

తిరిగి వచ్చేటప్పుడు సార్ అన్నారు: “అబద్ధం గురించి మస్తు రాసినవు. గామె భయాన్ని గూడ రాయి.” నా థీసిస్‌లో నేను మళ్లీ మళ్లీ చదువుకునే అధ్యాయం ఆ మాట చలవే.

సార్ దినాలు అయ్యాక బస్టాండు ముందు జిరాక్స్ షాపుకు పోయాను. సార్ పోయారన్న మెసేజ్ మొదట పెట్టింది ఆ షాపాయనే.

“సార్ బస్సుల పోయిండని ఎవరు చెప్పిన్రన్నా?”

మిషన్ మూత దించాడు. “ఎవ్వలు చెప్పలేదు చెల్లె. సార్ పోయిండని ఫోనొచ్చింది. పొద్దుగాల గదా, బస్సులనే అనుకున్న. సార్‌ను నేను ఇంట్ల ఎన్నడు చూడలే. రోజు గీడ కాయితాలు తీసుకునుడు, గా బస్సెక్కుడు. నాకు గదే ఎరుక.”

“నా థీసిస్‌ల రాసుకోవచ్చా?”

“రాసుకో. తప్పు పెట్టిననని గూడ రాయి. గని బస్సు మాట తీసెయ్యకు.”

అంతలో పట్నం బస్సు వచ్చి ఆగింది. ఇద్దరం దాని మెట్ల వైపు చూశాం.