స్వాగతం పెద్దాయన

మా చర్చిలో ఆయన అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. అందరూ స్వాగతం పెద్దాయన అనే అంటారు. ఉద్యోగమంతా బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఫలానా బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వచ్చుచున్నది అని చెప్పడమే. రిటైరయ్యాక ఇంట్లో ఆయన మాట వినే నాథుడు లేకపోయాడు. అటువంటి మనిషిని తెచ్చి, జైలు నుంచి విడుదలైనవాళ్లనూ వాళ్ల కుటుంబాలనూ ఆదుకునే సంఘానికి పెద్దను చేశారు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

ఆదుకోవడమంటే ఆయన దృష్టిలో స్వాగతం ఊరేగింపే. వ్యాను వీధి మొదట్లో ఆగాలి. అక్కణ్నుంచి అందరూ పాటలు పాడుకుంటూ ఇంటిదాకా నడవాలి. గడప ముందు నిలబడి, వచ్చినవాడు తను చేసిన తప్పు మైకులో చెప్పుకోవాలి. ఇంటివాళ్లు "క్షమించాం" అనాలి, జనం చప్పట్లు కొట్టాలి. ఈ తంతు అయ్యాకే ఇంటికి సరుకులు, మనిషికి పని. ఇది బైబిల్లో ఎక్కడుందో నాకైతే కనబడలేదు.

మా ఆయన గోదాములో కాపలా ఉంటూ సరుకు దొంగతనంగా అమ్మేసి జైలుకెళ్లాడు. చేసింది తప్పే, నేనేమీ వెనకేసుకురాను. నేను పసిపిల్లల బడిలో ఆయాని. మా ఆయన దూరాన కాంట్రాక్టు పని మీద ఉన్నాడని అక్కడ చెప్పుకున్నాను. నిజం తెలిస్తే ఏ తల్లి తన బిడ్డను నా చేతిలో పెడుతుంది? ఆ జీతం లేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే ఆయన విడుదలవుతాడనగా పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

"అయ్యా, మా ఇంటికి పాటలొద్దు. ఆయన్ని మామూలుగా బస్సెక్కించి పంపండి చాలు. సంగతి బయటపడితే నా పని పోతుంది."

"దీపం వెలిగించి కుంచం కింద పెడతామా తల్లీ? సిగ్గుపడితే విడుదల ఎక్కడిది?"

"సిగ్గు గురించి కాదయ్యా, తిండి గురించి అడుగుతున్నా."

"తిండి దేవుడు చూసుకుంటాడు," అన్నాడు. పింఛను నెలనెలా వచ్చి పడేవాళ్లకు దేవుడి మీద నమ్మకం భలే గట్టిగా ఉంటుంది.

అనుకున్నంతా అయింది. వీధి వీధంతా తలుపులు తెరిచి చూసింది. మా ఆయన మైకు పట్టుకుని నీళ్లు నములుతుంటే, "కాస్త గట్టిగా బాబూ, వెనకవాళ్లకు వినబడాలి," అని ఈయన పక్కనుంచి ఎగదోశాడు. ఎదురు మేడ మీద మా బడికి వచ్చే పిల్లాడి తల్లి నిలబడి వింటోంది. నేను "క్షమించాం" అన్నాను. నిజానికి నేను క్షమించింది ఎప్పుడో, జైలు ములాఖత్ గదిలో, ఎవరి చప్పట్లూ లేకుండా.

మర్నాడు పెద్ద టీచరు నన్ను పిలిపించింది. "నాకు నువ్వంటే నమ్మకమేనమ్మా. తల్లులే ఒప్పుకోవట్లేదు," అంది. ఆ వారంలోనే పెద్దాయన సరుకుల సంచి పట్టుకొచ్చి, సంఘం నన్ను వదలదని ధైర్యం చెప్పి వెళ్లాడు. కాలు విరగ్గొట్టి చేతికి కర్ర ఇచ్చే రకం. అయినా మనిషి తెలివితక్కువవాడు, మైకు పిచ్చిలో తెలియక చేశాడు అని సరిపెట్టుకున్నాను.

సంఘంవాళ్లు మా ఆయన్ని చర్చి వ్యాను డ్రైవరుగా పెట్టారు. ఏడాది తిరిగాక ఒక సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, చెప్పనా వద్దా అన్నట్టు కూర్చున్నాడు.

"పెద్దాయన అల్లుడు ఆఫీసు డబ్బు వాడుకుని లోపలికెళ్లాడట. రేపు వదులుతున్నారు. పాటలవాళ్లకు చెప్పొద్దు, వెనక వీధిలోంచి తీసుకురా, హారన్ కూడా కొట్టకు అన్నాడే నాతో. పాపం, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు."

పాపమట. మా ఆయన మెత్తదనం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పాటలు వినబడితే ఒక ఇంటికి ఏమవుతుందో ఆ పెద్దమనిషికి తెలుసన్నమాట. నా గడప ముందు మైకు పెట్టిన రోజు కూడా తెలుసు. ఏడాది పాటు తెలివితక్కువవాడని జాలిపడి వదిలేసినందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

అల్లుడు వచ్చిన మూడో రోజు వాళ్లింటికి వెళ్లాను. పెద్దాయన తలుపు సగమే తీశాడు.

"మీ మనవరాలు చదివేదీ నేను పనిచేసిన ఆ బడిలోనే కదయ్యా. పెద్ద టీచరుకి మీరంటే గౌరవం. నాతో వచ్చి, ఈమెను మళ్లీ పనిలో పెట్టుకోండి, భర్త తప్పు ఈమె తప్పు కాదు అని ఒక్క మాట చెప్పండి."

"తప్పకుండా తల్లీ," అని అలవాటు కొద్దీ అనేసి, ఆగిపోయాడు. "నేనొచ్చి జైలుకెళ్లినవాళ్ల గురించి మాట్లాడితే మా అల్లుడి సంగతి కూడా తవ్వుతారు. తెలిస్తే మా పిల్లను అక్కడ ఉండనివ్వరు."

"ఉండనివ్వరు," అన్నాను. "నన్ను ఉండనివ్వలేదు."

ఆయన వీధిలోకి అటూ ఇటూ చూశాడు.

"మెల్లగా మాట్లాడు తల్లీ," అన్నాడు. "పక్కింటివాళ్లు వింటారు."